భుజం మీది గొంగడి

‘మా భూమి’ సినిమా ఎప్పుడు చూసినా ఆ పాట దగ్గరికి వచ్చేసరికి నా చూపు ముందు గొంగడి మీద పడుతుంది. మనిషి ఆ తర్వాతే కనబడతాడు. నలుపు తెలుపుల బొమ్మ. భుజం మీద నల్ల గొంగడి, చేతిలో కర్ర, మొహాన గడ్డం, చుట్టూ పల్లె జనం. ‘బండెనక బండి కట్టి’ అని అతను గొంతెత్తగానే పక్కనున్నవాళ్లు అందుకుంటారు. సినిమా కథలో అతనికి వేరే పనేమీ లేదు. రామయ్య అనే పాలేరు కొడుకు కథ అది. ఆ పాత్ర సాయిచంద్‌ది. ఈ పాటగాడు వచ్చి పాడి వెళ్లిపోతాడు. కానీ ఇన్నేళ్ల తర్వాత ఆ సినిమా పేరు చెప్పగానే తెలంగాణలో ఎవరి కళ్లముందైనా నిలబడేది అతనే. అతని పేరు గుమ్మడి విఠల్‌రావు. మనకు తెలిసిన పేరు గద్దర్.

నేను మంచిర్యాల మనిషిని. ఒక పక్క గోదావరి, ఒక పక్క బొగ్గు గనులు, నడుమ నుంచి కాజీపేట – బల్లార్షా రైలు పట్టాలు. ఈ ఊళ్లో పాట అంటే మైకుల్లోంచి వచ్చేదే కాదు, ఒంట్లోకి దిగేది. అందుకేనేమో, ఆ సినిమాలోని ఆ కొన్ని నిమిషాలను నేను సినిమాగా చూడలేను. ఒక ఉద్యమకారుడు తన రూపాన్ని తానే దిద్దుకుంటూ ఉంటే పక్కన నిలబడి చూస్తున్నట్టుంటుంది. కవులు కావ్యం రాసుకుంటారు, శిల్పులు రాయి చెక్కుతారు. ఇతను తన ఒంటినే చెక్కుకున్నాడు. ఉలి గొంగడి.

గొంగడిని దగ్గరగా చూడనివాళ్లకు ఈ మాట అందదు గనుక కాస్త ఆగి చెప్తాను. మా చుట్టుపక్కల ఊళ్లలో గొంగళ్లు నేసేది కురుమలు. నల్ల గొర్రెల బొచ్చు కత్తిరించి, దాన్ని ఏకి, ఆడవాళ్లు దారం వడికితే మగవాళ్లు గుంట మగ్గం మీద నేస్తారు. దారం గట్టిపడడానికి చింతగింజల గంజి పెడతారు. రంగు అద్దే పని లేదు. గొర్రె ఏ రంగో గొంగడి ఆ రంగు. కొత్త గొంగడి మెడ దగ్గర గుచ్చుకుంటుంది, గంజి బిరుసు పోదు. దాన్ని వానలో తడిపి, ఎండలో వేసి, నేలమీద పరిచి, మీద పడుకుని, ఏళ్లకేళ్లు వాడితే అప్పుడు ఆ మనిషి ఒంటికి తగ్గట్టు అది మెత్తబడుతుంది. మా తాత గొంగడి ముక్కు దగ్గర పెట్టుకుంటే మూడు వాసనలు వచ్చేవి: గొర్రె, పొగ, వాన. వానొస్తే తలమీంచి ముసుగు, చలికి దుప్పటి, రాత్రి పొలం దగ్గర పరుపు, పంచాయతీకి పెద్దమనుషులొస్తే కూర్చోబెట్టే ఆసనం, దేవుని కాడ ముగ్గుల పట్నం వేస్తే పూజకు పరిచే వస్త్రం. ఒక్క బట్ట ఇన్ని పనులు చేయడం నేను ఇంకెక్కడా చూడలేదు.

భరతముని అభినయాన్ని నాలుగుగా విడదీశాడు: ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం. మన విమర్శకులు ఆహార్యాన్ని తరచుగా చివరికి తోసేస్తారు, వేషమే కదా అని. ‘మా భూమి’ పాటగాణ్ణి చూస్తుంటే ఆ వరుస తిరగబడాలనిపిస్తుంది. ముందు ఆహార్యమే మాట్లాడుతుంది. ఆ గొంగడిని చూడగానే ఊరి జనానికి ఇతను ఎవరో చెప్పక్కర్లేదు. ఇతను గొర్లు కాసేవాడు, వానలో నిలబడేవాడు, దొర గడీ ముందు వంగి నడిచేవాడు. అలాంటివాడు వెన్ను నిటారుగా పెట్టి, తల పైకెత్తి పాడుతున్నాడు. గొంగడి ఒక మాట చెప్తుంటే ఆ నిలుచున్న తీరు ఇంకో మాట చెప్తుంది. రెండింటికీ మధ్య ఉన్న ఆ తేడాలోంచే రసం పుడుతుంది.

ఇక వాచికం. ‘బండెనక’ అన్న మాటను నోట్లో వేసుకుని చూడండి. ‘బండి వెనక’ అని బడి వ్యాకరణం. నాలుక మీద వకారం జారిపోయి, ఇకారం స్థానంలో ఎకారం వాలి ‘బండెనక’ అయింది. ఇది నిఘంటువులోంచి వచ్చిన మాట కాదు, దారిలో నడుస్తూ అరిగిన మాట. ఆ మూడు మాటల్లో రెండుసార్లు ‘ండ’ వస్తుంది, చివర ‘ట్ట’ పడుతుంది. మొదటి రెండూ చక్రం గుంటలో దిగి లేచిన చప్పుడు. మూడోది కాడి బిగించిన చప్పుడు. రాసినవాడు ఇది లెక్కపెట్టి రాశాడని నేననను. ఎడ్లబండి మీద పుట్టి పెరిగిన చెవికి లెక్క అక్కర్లేదు. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి కట్టిన పాట ఇది. అతని ఇంటి పేరులోనే బండి ఉండడం నాకెప్పుడూ ఒళ్లు జలదరించే సంగతి.

పాట చేసే పని ఎంత చిన్నదో అంత గొప్పది. అధికారం తన బలగాన్ని ఊరేగించి భయపెడుతుంది. బండి వెనక బండి, వాటి వెనక ఇంకో బండి. ఊరివాడు ఆ వరుసను చూసి తలదించుకోవాలి. పాట ఏం చేస్తుందంటే తలదించకుండా ఆ బండ్లను లెక్కపెడుతుంది. పదహారు. లెక్కకు అందినదానికి ఎవరు భయపడతారు? ఆపైన నిజాం రాజును చిన్నపిల్లవాణ్ణి అదిలించినట్టు అదిలిస్తుంది. కోపం ఉంది, కానీ పాడేవాని మొహంలో కోపం కన్నా ఉత్సాహం ఎక్కువ. క్రోధం స్థాయి అయితే రౌద్రం, ఉత్సాహం స్థాయి అయితే వీరం అని ఆలంకారికులు చెప్పిన గీత ఎంత సన్ననిదో, ఎంత నిజమైనదో నాకు ఈ పాట దగ్గరే తెలిసింది. గద్దర్ గొంతు ఉరుముతుంది గానీ కసరదు. కర్ర ఎత్తినప్పుడు కొట్టబోయేవానిలా ఉండడు, మందను దారి మళ్లించే కాపరిలా ఉంటాడు.

ఆ గొంతు గురించి ఇంకొక్క మాట. సంగీతం నేర్చిన గొంతులో స్వరం ముందు తలలో తయారై తర్వాత బయటికి వస్తుంది. ఇది పొట్టలోంచి లేచి గొంతు గోడలను రాసుకుంటూ వచ్చే స్వరం. ఆ రాపిడి వినిపిస్తుంది. మైదానంలో చివరి వరసలో ఉన్నవాడికి మైకు లేకుండా వినబడాలని పెరిగిన గొంతు అది. కెమెరా ముందుకొచ్చినా దాన్ని తగ్గించుకోలేదు. సినిమా గొంతు మెత్తగా ఉండాలని అప్పటి లోకం అనుకుంటున్న కాలం. దర్శకుడు గౌతమ్ ఘోష్ బెంగాలీ, అది ఆయనకు మొదటి కథా చిత్రం. ఆ గొంతును సాన పట్టకుండా అలాగే ఉంచిన ఆయన చెవికి దండం పెట్టాలి.

ఇప్పుడు కాస్త దూరం పోవాలి. సముద్రాలు దాటి మెక్సికో దాకా.

1914 జనవరి. మెక్సికో ఉత్తర భాగంలో విప్లవ సేనను నడుపుతున్న పాంచో విల్లా అమెరికాకు చెందిన మ్యూచువల్ ఫిలిం కార్పొరేషన్‌తో ఒప్పందం మీద సంతకం పెట్టాడు. తన యుద్ధాలను చిత్రించే హక్కు ఆ కంపెనీకి, వచ్చే రాబడిలో 20 శాతం విల్లాకు. విల్లా అసలు పేరు డొరొటెయో అరాంగో, పేద రైతు ఇంటి పిల్లవాడు, ఒకప్పుడు కొండల్లో దారిదోపిడీలు చేసి బతికినవాడు. అతనికి తుపాకులు కొనడానికి డబ్బు కావాలి. సరిహద్దు అవతలి జనం దృష్టిలో తాను బందిపోటు కాదు, సేనాపతి అని నిలబడాలి. మాటతో ఆ పని కాదని, బొమ్మతో అవుతుందని అతను గ్రహించాడు. సినిమా పుట్టి ఇంకా 20 ఏళ్లు నిండలేదు. చదువుకున్న నాయకులెందరికో పట్టుబడని ఆ సంగతి, పెద్దగా బడికి పోని ఈ గుర్రపు రౌతుకు పట్టుబడింది.

కెమెరాలు ఓహినాగా యుద్ధానికి వెళ్లాయి. కెమెరా ముందు వేసుకోవడానికి కంపెనీ అతనికి కొత్త సేనాపతి యూనిఫాం ఇచ్చిందనీ, ఆ యూనిఫాం కంపెనీ ఆస్తిగానే ఉండిందనీ చెప్పుకుంటారు. వెలుతురు బాగుండాలని పగలే యుద్ధాలు చేసేలా ఒప్పందంలో రాసుకున్నారని ఇంకో కథ. విల్లా జీవితం మీద పెద్ద గ్రంథం రాసిన చరిత్రకారుడు ఫ్రీడ్రిష్ కాట్జ్ ఆ ఒప్పందం చూసి, అలాంటి షరతు అందులో లేదని తేల్చాడు. అయినా ఆ కథ చావలేదు. ఎందుకు చావలేదో నాకు అర్థమవుతుంది: బొమ్మ కోసం యుద్ధం జరిగిందన్న ఊహలో మనుషులకు ఏదో నిజం కనబడింది. ఆ మే నెలలో ‘ద లైఫ్ ఆఫ్ జనరల్ విల్లా’ పేరుతో పూర్తి నిడివి చిత్రం న్యూయార్క్‌లో ఆడింది. అందులో విల్లా తన పాత్రలో తానే కనిపించాడు. అతని పడుచు వయసు పాత్ర వేసింది రావుల్ వాల్ష్ అనే కుర్రాడు, తర్వాతి రోజుల్లో హాలీవుడ్ పెద్ద దర్శకుడు. ఆ చిత్రం ఇవాళ లేదు. తునకలు, కొన్ని ఫొటోలు మిగిలాయి.

గుర్రం మీద విల్లా కెమెరా వైపు దూసుకువస్తున్న బొమ్మలు చూస్తే ఇప్పటికీ గుండె లేచి నిలబడుతుంది. జీను మీద అతను కూర్చున్న తీరులో ఎవరూ నేర్పలేని రాజసం ఉంది. ఆ రాజసం అతనిదే, కంపెనీది కాదు. కానీ బొమ్మ మాత్రం కంపెనీదైంది. రెండేళ్లు తిరిగేసరికి, 1916 మార్చిలో విల్లా మనుషులు అమెరికా గడ్డ మీది కొలంబస్ పట్టణం మీద పడ్డాక, అదే దేశపు పత్రికలూ అవే తెరలూ అతన్ని మళ్లీ బందిపోటును చేశాయి. నిన్నటిదాకా చప్పట్లు కొట్టించిన మొహమే. బొమ్మను అద్దెకిచ్చినవాడికి దాన్ని వెనక్కి తీసుకునే దారి లేదు. 1923లో పర్రాల్ పట్టణంలో కారులో పోతుండగా అతన్ని కాల్చి చంపారు.

విల్లాను నేను తక్కువ చేయను. ఆ కాలంలో ఆ చూపు ఉండడమే ఒక ప్రతిభ. అతని కథ తెలిశాకనే ‘మా భూమి’ పాటను నేను కొత్త కళ్లతో చూడగలిగాను.

మన దగ్గర ఆ రోజుల్లో బొమ్మ ఎవరి చేతిలో ఉంది? 1922 ప్రాంతంలో బెంగాల్ నుంచి ధీరేన్ గంగూలీ హైదరాబాద్ వచ్చి, నిజాం ప్రాపకంతో లోటస్ ఫిలిం కంపెనీ పెట్టి మూకీలు తీశాడు. 1924లో ‘రజియా బేగం’ ప్రదర్శించగానే ఆయనను సంస్థానం విడిచి పొమ్మన్నారు. ఢిల్లీ సుల్తానా ఒక హిందువును ప్రేమించే కథ అది. తెర మీద ఏ బొమ్మ ఆడాలో సింహాసనం నిర్ణయించే కాలం. మాకు ఉత్తరాన ఉన్న కొండల్లో, జోడేఘాట్‌లో 1940లో కొమరం భీం నేలకొరిగాడు. జల్ జంగల్ జమీన్ అన్న గోండు వీరుని దగ్గరికి ఏ ఫిలిం కంపెనీ రాలేదు. ఆ తిరుగుబాటు తర్వాతే నిజాం సర్కారు పంపగా మానవ శాస్త్రవేత్త హైమెండార్ఫ్ కెమెరాతో మార్లవాయి చేరాడు. గోండుల ఆటలు, పెళ్లిళ్లు, దండారి, గుస్సాడీ లోకానికి తెలిశాయి. భీం మాత్రం ఆ కెమెరా రాకముందే వెళ్లిపోయాడు. ఇవాళ కూడళ్లలో నిలబడ్డ విగ్రహాల్లో మనం చూసే భీం, జనం జ్ఞాపకంలోంచి శిల్పులు తీసుకున్న భీం.

1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు పడిపోయాడు. కురుమల బిడ్డ. గొంగడి నేసే కులం వాడు. ఆ రోజు మొదలైన సాయుధ పోరాటం 1951 దాకా సాగింది. పోరాట నాయకుడు సుందరయ్య లెక్క ప్రకారం విముక్తమైనవి 3,000 గ్రామాలు, పంచినవి 10 లక్షల ఎకరాలు, పోయినవి 4,000 ప్రాణాలు. దీనికి సునీల్ జానా తీసిన నిశ్చల చిత్రాలు ఉన్నాయి, దళాల్లోని మనుషుల కళ్లు వాటిలో మనల్ని సూటిగా చూస్తాయి. కదిలే బొమ్మ మాత్రం ఆ పోరాటానికి సొంతంగా లేదు. బుర్రకథ ఉంది, నాటకం ఉంది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన ‘మా భూమి’ నాటకం 1947 నుంచి ఊరూరా ఆడింది, మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించేదాకా.

ఈ లోటును పూడ్చడానికి 30 ఏళ్లు పట్టింది. బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మాతలుగా, కిషన్ చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’ ఆధారంగా, 1979లో మెదక్ జిల్లా పల్లెల్లో సినిమా తయారైంది. పేరు పాత నాటకానిది, కథ ఉర్దూ నవలది, దర్శకుడు బెంగాలీ, పాట రైతుల పాట. ఇన్ని చేతుల మీదుగా వచ్చిన సినిమా ఏ ఒక్కరి సొత్తులాగా అనిపించదు. ఆ పల్లెల్లోని మనుషులే మూగ పాత్రలుగా తెర మీద నిలబడ్డారు. గోడలకు నీరెండ, మట్టి అరుగులు, గడీ తలుపుల మీది ఇనుప సీలలు. 1940ల పోరాటానికి ఎవరూ తీయని వార్తాచిత్రాన్ని వీళ్లు ఆలస్యంగా తీశారనిపిస్తుంది.

అందులోకి గద్దర్ నడిచి వచ్చాడు. ఇక్కడే నా గుండె ఆగే చోటు.

అప్పటికి ఆయన బ్యాంకు ఉద్యోగి. తూప్రాన్ నుంచి వచ్చిన దళిత బిడ్డ. ఇంజనీరింగ్ చదువు మధ్యలో వదిలేసి, నర్సింగరావు పెట్టిన ఆర్ట్ లవర్స్ బృందంలోంచి జన నాట్య మండలిలోకి వచ్చి ఊళ్లు తిరుగుతున్నాడు. పేరు మారింది. 1913లో అమెరికా పడమటి తీరాన పంజాబీ వలస కూలీలు కట్టిన గదర్ పార్టీ పేరుతో వచ్చిన పాటల పుస్తకం ఆయన పేరైపోయింది. గదర్ పత్రిక మొదటి సంచిక 1913 నవంబర్ 1న శాన్‌ఫ్రాన్సిస్కోలో వచ్చింది. ఆ తర్వాత రెండు నెలలకే విల్లా సంతకం. అదే ఖండం, అదే చలికాలం. ఈ రెండు సంగతులూ ఒకదానికొకటి తెలియకుండా జరిగినా, నాకు మాత్రం ఒకే దారంతో కట్టినట్టు కనబడతాయి.

విల్లా సినిమాలో తన పాత్ర తానే వేశాడు, తన గతాన్ని ఇంకొకడు వేశాడు. ‘మా భూమి’లో గద్దర్ వేసింది తనకు ముందు తరం మనిషి పాత్ర. తాను పుట్టక ముందు ఆ పాట కట్టిన యాదగిరులకు, ఆ పాట పాడుతూ పోయినవాళ్లకు తన ఒళ్లు అప్పిచ్చాడు. కానీ అప్పుడు హాల్లో కూర్చున్నవాడికి తెలుసు, ఈ పాడేవాడు నిన్న మొన్న తమ ఊరి బడి ముందు పాడినవాడని. రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర జరిగి ఎంతో కాలం కాలేదు. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో దొరల మీద మళ్లీ జనం తిరగబడుతున్నారు. తెర మీద నిజాం, తెర బయట నేటి దొర. పాడే గొంతు ఒక్కటే. ఒకే ఒంట్లో రెండు కాలాలు నిలబడితే ఆ ఒళ్లు బొమ్మగా అచ్చుపడిపోక ఏమవుతుంది? సాత్త్వికం అని భరతుడు చెప్పింది ఇదేనని నేను నమ్ముతాను. నటించడానికి లేనిది, మనసు పూర్తిగా మునిగితే తప్ప రానిది. ఆ పాటలో గద్దర్ కళ్లు చూడండి. ఆ కళ్లు కెమెరాను వెతకవు.

గొంగడి, పంచె, కర్ర, గజ్జెలు జన నాట్య మండలి వేదికల మీద కూడా కదలాడినవే. వేదిక మీది వేషం ఆ రాత్రితో అయిపోతుంది. సినిమా దాన్ని నిలబెట్టింది, ఊళ్లకు మోసుకుపోయింది. ఆ తర్వాత గద్దర్ ఎక్కడికి పోయినా జనం ముందు గొంగడి కోసమే చూసేవారు. 1984లో ఉద్యోగం వదిలేశాడు. కారంచేడులో దళితుల ఊచకోత జరిగాక అజ్ఞాతంలోకి పోయాడు. 1990లో బయటికి వచ్చి హైదరాబాద్ నిజాం కాలేజీ మైదానంలో పాడితే జనసముద్రం కదిలి వచ్చింది. ఐదేళ్లు కనబడకుండా ఉన్నా ఆ బొమ్మ చెక్కుచెదరలేదు. 1997 ఏప్రిల్ 6న దుండగులు ఇంటికొచ్చి ఆయన్ను కాల్చారు. ఒక తూటా చివరిదాకా వెన్నులోనే ఉండిపోయింది. చివరి ఏళ్లలో ఆయన ప్యాంటు షర్టు వేసుకున్నాడు, టై కట్టుకున్నాడు, 2018లో మొదటిసారి ఓటు వేశాడు. కొందరికి అది నచ్చలేదు. నాకైతే దుఃఖమనిపించలేదు. ఆ మార్పు చూసి మనం ఉలిక్కిపడ్డామంటేనే, గొంగడి బొమ్మ మన కళ్లలో ఎంత లోతుగా దిగిందో తెలుస్తుంది. 2023 ఆగస్టు 6న ఆయన పోయాడు. ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే సినిమా అవార్డులకు ఆయన పేరే పెట్టారు. ఒకప్పుడు ప్రభుత్వం నంది ఇస్తానంటే తీసుకోనన్న మనిషి పేరు.

మరి విల్లాకు జరిగింది ఈయనకు ఎందుకు జరగలేదు? ఈయన మొహాన్ని కూడా పత్రికలు, పోలీసులు, పార్టీలు తలా ఒక రకంగా చూపించాయి. అయినా ఆ బొమ్మను ఎవరూ ఎత్తుకుపోలేకపోయారు. ఆలోచించగా ఆలోచించగా నాకు తట్టింది ఒక్కటే. విల్లా ఆహార్యం కంపెనీ పెట్టెలోంచి వచ్చింది. గద్దర్ ఆహార్యం కురుమ మగ్గం మీది నుంచి వచ్చింది. దాన్ని ఇచ్చినవాడు ఊళ్లోనే ఉన్నాడు. ఎవరైనా పోయి అడిగి తెచ్చుకుని భుజాన వేసుకోవచ్చు. వేసుకున్నారు కూడా. ఆ సినిమా తర్వాత తెలంగాణలో ఎన్ని కళా బృందాల్లో ఎంతమంది కుర్రాళ్లు గొంగడి, కర్ర పట్టుకుని నిలబడ్డారో లెక్క లేదు. ఒక మనిషి బొమ్మగా మొదలైంది, ఎవరైనా నిలబడగలిగిన భంగిమ అయింది. సినిమా తారల రూపాన్ని జనం గోడలకు అంటించుకుంటారు. ఈ రూపాన్ని ఒంటికి తొడుక్కున్నారు. ఇంతకన్నా గొప్ప ముద్రణ నాకు తెలియదు.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. 2011 సెప్టెంబర్ 13న తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది. 42 రోజులు. సింగరేణి బొగ్గు బాయిలు ఆగిపోయాయి. బొగ్గు రైళ్లు లేక మంచిర్యాల స్టేషన్‌లో ఎన్నడూ లేని నిశ్శబ్దం. శ్రీరాంపూర్‌లో రోడ్డు పక్కన టెంటు. అందులో కార్మికులు, టీచర్లు, కాలనీల నుంచి వచ్చిన ఆడవాళ్లు. పొద్దుగూకే వేళ ఒక కుర్రాడు లేచాడు. ఇరవై ఏళ్లు కూడా ఉండవు. బాయిలో పెట్టుకునే టోపీ తలమీద అలాగే ఉంది, దాని లైటు కూడా తీయలేదు. పాడాలంటే గొంగడి కావాలని అనిపించిందేమో, అటూ ఇటూ చూశాడు. టెంటు అంచున గొర్లు కాసే ముసలాయన ఒకరు కూర్చొని ఉన్నాడు.

“తాతా, గొంగడి జర ఇయ్యవా, పాడి ఇస్త” అన్నాడు.

“పైలం బిడ్డా, అంచు పోగులు లేస్తున్నయి” అని ఆయన తీసిచ్చాడు.

కుర్రాడు దాన్ని ఎడమ భుజం మీద వేసుకున్న తీరు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. మడత మార్చలేదు, సర్దుకోలేదు. ఒక్క విసురు. సినిమాలో ఎక్కడ పడిందో అక్కడే పడింది. కర్రకు బదులు జెండా కట్టిన వెదురు. అదే పాట అందుకున్నాడు, మాటలు కొత్తవి పెట్టాడు, బండ్లను మాత్రం పదహారే ఉంచాడు. గొంతులో బొగ్గు దుమ్ము జీర. టోపీ లైటు అతను తల తిప్పినప్పుడల్లా టెంటు గుడ్డ మీద అటూ ఇటూ ఊగింది. అతను ఎగిరినప్పుడు గొంగడి ఒక క్షణం ఆలస్యంగా లేచి, ఒక క్షణం ఆలస్యంగా దిగింది. ఆ బరువు అలాంటిది. ఉన్ని తాళం తప్పదు, కాస్త వెనకగా వేస్తుంది. ఆ ఆలస్యంలోనే అందం ఉందని నాకు అప్పుడు కనబడింది. నూలు బట్ట అయితే రెపరెపలాడి తేలిపోయేది.

పాట అయ్యేసరికి చినుకులు మొదలయ్యాయి. కుర్రాడు చెమటతో తడిసిన గొంగడిని రెండు చేతులతో పట్టుకుని ముసలాయనకు ఇచ్చాడు. ఆయన దాన్ని తీసుకుని అంచు పోగులు వేలితో తడిమి చూసుకున్నాడు. ఒకసారి దులిపాడు. తలమీంచి ముసుగేసుకుని, వానలోకి, గొర్ల వైపు నడిచాడు.